రెండో 'స'

యావిర్కి, 1913 ఫిబ్రవరి 17

తమ్ముడు ప్రోకిప్‌కి,

యేసుకు మహిమ. ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం, ఆవుతో సహా. అది మొన్న ఈనింది. కోడెదూడ. పెయ్య కావాలని మీ బావ నెల రోజులు మొక్కుకున్నాడు. చర్చిలో పాడేవాడి మొక్కే దేవుడికి వినబడకపోతే మన గతేమిటని ఊరంతా ఒకటే నవ్వు.

అసలు సంగతికి వస్తాను. మీ బావ ఊళ్ళో చదువుల గది పెట్టాడు. తారు అమ్మే ముసలాయన పోయాక ఆయన కొట్టు ఖాళీగా ఉందిగా, అందులోనే. తొమ్మిది పుస్తకాలు, ఒక పంచాంగం, మూడు బెంచీలు. ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఈయన పైకి చదువుతాడు, సగంమంది కునుకు తీస్తారు. అయినా మానకుండా వస్తున్నారు. సారాకొట్టు కన్నా నయం కదా.

బోర్డు ఒక్కటే లోటు. గోర్లిత్సెలో రంగులేసేవాడి చేత రాయిస్తే అక్షరాలు బాతులు నడిచినట్టు వచ్చాయి. నువ్వు ల్వివ్‌లో పద్నాలుగేళ్ళుగా అచ్చుకూటంలో అక్షరాలు పేరుస్తున్నావు. దూరానికి కనబడేంత పెద్ద అక్షరాలతో 'యావిర్కి రుస్కా పఠనాలయం' అని ఒక కాగితం మీద అచ్చువేసి పంపరా. అద్దం కట్టించి తలుపు మీద పెట్టుకుంటాం.

యుస్తినాకి పదేళ్ళు నిండాయి. యెఫ్కాకి ముందుపళ్ళు రెండూ ఊడాయి. మామయ్యకి రాయొద్దంది. రాశాను.

నీ అక్క
తెక్లా


ల్వివ్, 1913 మార్చి 9

అక్కా,

యుగయుగాలకూ మహిమ. యెఫ్కాకి నా తరఫున చెప్పు, నాకూ రెండు పళ్ళు ఊడాయి, నావి మళ్ళీ రావు, తనవి వస్తాయి, కాబట్టి ఏడవాల్సింది నేను.

బావ ఒనుఫ్రి చదువుల గది పెట్టాడంటే సంతోషమే. ఆ తొమ్మిది పుస్తకాల్లో ఎన్ని రష్యా జార్ చక్రవర్తి మనుషులు ఊరికే పంచిపెట్టినవో అడగను. ఎనిమిది అని నాకు తెలుసు. తొమ్మిదోది తేనెటీగల పెంపకం మీద నేను పంపిందే.

కాగితం చుట్టి పంపుతున్నాను. సర్కస్ పోస్టర్లకు వాడే కొయ్య అక్షరాలతో వేశాను, కొండ మీద మేకలకు కూడా కనబడుతుంది. ఒక్క మాట. 'రుస్కా' అన్నచోట ఒకే 'స' వేశాను. మా అక్షరాల పెట్టెలో 'స'లకు కరువొచ్చి కాదు. నోటితో అంటే తేడా తెలియదు గానీ అచ్చులో పడితే ఆ ఒక్క అక్షరమే అంతా. ఒక 'స' ఉంటే మనం మనవాళ్ళం, ఉక్రేనియన్లం. 'రుస్స్కా' అని రెండు పెడితే జార్ మనుషులం. మనల్నేలే వియన్నా ఒక చెయ్యి, జార్ ఉండే పీటర్స్‌బర్గ్ ఒక చెయ్యి పట్టుకుని మనల్ని లాగుతుంటే మనం ఆ అక్షరం పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటున్నాం. దానికోసం ఇక్కడ కాలేజీ పిల్లలు చొక్కాలు చించుకోవడం కళ్ళారా చూశాను.

బావ రెండు వాడతాడని తెలుసు. తెలిసే ఒకటి పంపాను. నెమ్మదిగా మింగితే అరుగుతుందని చెప్పు.

నీ తమ్ముడు
ప్రోకిప్


యావిర్కి, 1913 ఏప్రిల్ 20

ప్రోకిప్,

యేసుకు మహిమ. అరగలేదు.

మీ బావ కాగితం విప్పి అలా చూస్తూ నిలబడ్డాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. "ఒక 'స' మింగేశాడే నీ తమ్ముడు!" అన్నాడు. "పొరపాటున పోయిందేమోలెండి" అన్నాను. "పొరపాటా? పద్నాలుగేళ్ళు అక్షరాలు పేర్చినవాడికి పొరపాటా? ఉక్రేనియన్లట! ఎక్కడుందే ఆ దేశం? ఏ సంతలో అమ్ముతారో రాయమను, వెళ్ళి రెండు మూరలు కొనుక్కొస్తాను. మన కొండల దగ్గర్నుంచి తూర్పు సముద్రం దాకా ఒకే జనం, ఒకే మాట!" అన్నాడు. గోర్లిత్సె దాటి తూర్పుకి ఎప్పుడూ వెళ్ళని మనిషి. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. అప్పుడే ఆ మాట అన్నాడు, "వియన్నా వాళ్ళ ఎంగిలి తిని వాళ్ళ పాట పాడుతున్నాడు" అని. నువ్వు ఏమీ అనుకోకు. కోపంలో అన్నాడు.

కాగితం గోడకి మొహం పెట్టి నిలబెట్టాడు. ఉపవాసాల రోజులు, ఈస్టర్ దగ్గర పడుతోంది, ఇంట్లో మాటల్లేవు. ఆయన చర్చిలో పాడి వచ్చి ఇంట్లో మూగనోము పడుతున్నాడు. నాకు మీ అక్షరాల గొడవ తెలియదు. నాకు మొగుడూ కావాలి, తమ్ముడూ కావాలి. ఇంకో 'స' వేసి పంపితే నీ సొమ్మేం పోయిందిరా? నాకోసం వెయ్యి.

తెక్లా


ల్వివ్, 1913 నవంబర్ 3

అక్కా,

ఎనిమిది నెలలు కావొస్తోంది, రాయలేదు. బావ అన్న మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది. రాసి, ఏమీ అనుకోకు అంటే ఎలా? అనుకున్నాను. రాయకపోతే నువ్వు బెంగపడతావని తెలిసే ఊరుకున్నాను. అమ్మ ఉంటే చెవి మెలేసేది.

వేసవిలో జబ్బుపడ్డాను. అక్షరాల సీసం కడుపులోకి పోయింది, మా పనివాళ్ళకి మామూలే. మూడు వారాలు మంచం మీద ఉండి ఆలోచించాను. ఒక అక్షరం కోసం నీ మొహం చూడకుండానే పోతానేమో అనిపించింది. అప్పుడు భయం వేసింది.

మొన్న ఆదివారం ప్రెస్సులో ఎవరూ లేనప్పుడు కొత్త కాగితం వేశాను. రెండు 'స'లు. పక్కపక్కన పేరుస్తుంటే వేళ్ళు ఒప్పుకోలేదక్కా. తెలిసి తెలిసి అచ్చుతప్పు వెయ్యడం ఇదే మొదలు. ప్రూఫు పొయ్యిలో పారేశాను, మా వాళ్ళెవరైనా చూస్తే నన్ను కూడా అందులోనే వేస్తారు.

బావ గెలిచాడని చెప్పు.

ప్రోకిప్


యావిర్కి, 1914 జనవరి 21

తమ్ముడికి,

యేసుకు మహిమ. బోర్డు పెట్టాం. అద్దం గోర్లిత్సె నుంచి గడ్డిలో చుట్టి బండి మీద తెచ్చాడు, దారంతా దాని పక్కనే నడిచి. చలిలో బయటికి వెళ్ళి చూసి వస్తాడు, మళ్ళీ వెళ్తాడు. "అక్షరాలు ఎంత నిటారుగా ఉన్నాయే!" అంటాడు. "నీ తమ్ముడు చెడ్డవాడు కాదు, పట్నం గాలి, అంతే" అన్నాడు. ఆయన నోటివెంట అది పెద్ద మాట. గొర్రెజున్ను పంపుతున్నాం, ఆయనే ఉప్పు వేసి కట్టాడు.

తెక్లా


యావిర్కి, 1914 ఆగస్టు 15

తమ్ముడికి,

మీ బావని తీసుకెళ్ళారు. బుధవారం మధ్యాహ్నం. రష్యాతో యుద్ధానికి కొండ దాటి వచ్చిన మన చక్రవర్తి హంగేరీ సైనికులు, ఏడుగురు. ఆయన కొట్టం కప్పు మీద పాడైన చెక్కలు మారుస్తున్నాడు. అడిగారు, చెప్పాం, చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్ళారు. రష్యా మనిషట. చదువుల గది బోర్డు కూడా ఊడదీసి పట్టుకుపోయారు.

గోర్లిత్సెలో స్టేషన్ దగ్గర చాలామందిని కట్టి కూర్చోబెట్టారట. మన ఫాదర్‌ని కూడా. గురువారం రొట్టె మూట పట్టుకుని వెళ్ళాను. రైలు వెళ్ళిపోయిందన్నారు. రొట్టె వెనక్కి తెచ్చాను. పిల్లలు తిన్నారు.

కప్పు సగంలో ఆగింది. శుక్రవారం వాన పడింది. నేనే ఎక్కి గోనెసంచులు పరిచాను. బార్లీ కొయ్యాలి. కొడవలికి పదును ఆయనే పెట్టేవాడు, నాకు సరిగ్గా రాదు.

నీకు పట్నంలో తెలిసినవాళ్ళు ఉన్నారు. ఈయన ఎవరి మనిషీ కాడని ఎవరికైనా చెప్పగలవా? చెప్పించి ఇంటికి పంపించు.

తెక్లా


ల్వివ్, 1914 ఆగస్టు 23

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదివాను, తరవాత కూర్చున్నాను. 'బోర్డు కూడా' అని రాశావు. అంతకు మించి ఏమీ అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది. ఆ రెండో 'స' వేసింది నేను. ఒక్కటే ఉండి ఉంటే దాన్ని చూపించి, "అయ్యా, మేం చక్రవర్తి ప్రజలం" అని బావ తప్పించుకునేవాడు. నీ ఇంట్లో మాటలు కలవాలని వేశాను. అది సాక్ష్యం అయి కూర్చుంది.

నిన్న పోలీసు కచేరీకి వెళ్ళాను. "ఆ కాగితం వేసింది నేను. రెండో 'స' నా పొరపాటు. ఆ మనిషికి ఏ పాపం తెలియదు" అని చెప్పడానికి. వరండాలో ఇరవైమంది ఉన్నారు. వాళ్ళలో ఒకడు నాలాగే ఎవరికోసమో చెప్పడానికి వచ్చాడు. లోపలికి వెళ్ళాడు, బయటికి రాలేదు. గంటసేపు చూశాను. నా వంతు వచ్చేలోపు లేచి వచ్చేశాను.

రేపు వెళ్తాను. ఒట్టు.

ప్రోకిప్


యావిర్కి, 1914 ఆగస్టు 30

తమ్ముడికి,

నువ్వు రాసింది చదివాను. వెళ్ళగలిగితే వెళ్ళు.

ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. జర్మన్‌లో ఎవరో రాసిపెట్టారు, కింద సంతకం ఆయనది. ఆస్ట్రియాలో గ్రాట్జ్ దగ్గర ఒక మైదానంలో ఉంచారట. నేల మీదే పడుకుంటున్నారట. మేజోళ్ళు పంపమన్నాడు. అల్లాను. పోస్టాఫీసులో తీసుకోలేదు.

బార్లీ అయింది.

తెక్లా


ల్వివ్, 1915 జనవరి 24

అక్కా,

ఈ ఉత్తరం గాజుసామాన్లు అమ్మే ముసలాయన చేతికిచ్చి పంపుతున్నాను. మీ దాకా వస్తున్నానన్నాడు. నీ ఆగస్టు ఉత్తరం నాకు నవంబర్లో అందింది.

నేను 'రేపు' అన్నాక, ఆ రేపు వచ్చేసరికి కచేరీలో కాగితాలు బండ్లకెత్తుతున్నారు. తరవాత పది రోజులకి రష్యన్లు ఊళ్ళోకి వచ్చారు. చెప్పుకోవడానికి ఆ దొరలు లేరు. వేరే దొరలు వచ్చారు.

మా ప్రెస్సు మూసేశారు. ఒక ఆఫీసరు వచ్చి మేం అచ్చువేసిన పాత కాగితాలు తిప్పి చూశాడు. మర్యాదస్తుడే, నాకు సిగరెట్ ఇచ్చాడు. 'రుస్కి' అన్నచోట వేలు పెట్టి, "ఇక్కడ ఒక 'స' తగ్గిందేం?" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "అచ్చుతప్పు, సార్" అన్నాను. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆగస్టులో బావ కోసం చెప్పలేకపోయిన ముక్కే. నాకోసం అయితే వెంటనే వచ్చేసింది.

ఇప్పుడు వాళ్ళ ప్రకటనలు పేరుస్తున్నాను. రెండేసి 'స'లతో. వేళ్ళు ఏమీ అనడం లేదు. రొట్టె దొరుకుతోంది. మా పాత ప్రెస్సువాళ్ళు వీధిలో నన్ను చూసి అటు తిరుగుతారు.

నువ్వు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

ప్రోకిప్


యావిర్కి, 1915 మార్చి 2

తమ్ముడికి,

నువ్వు రెండు 'స'లతో వేస్తున్నావని నీ ఉత్తరం కన్నా ముందే ఇక్కడ తెలిసింది. ఊళ్ళో నవ్వుకున్నారు. నేను నవ్వలేదు, కోపమూ రాలేదు. తిండికోసం చేస్తున్నావు, అంతేలే.

ఇక్కడా రష్యన్లే. చదువుల గదిలో గుర్రాలు కట్టారు. బెంచీలు పొయ్యిలోకి పోయాయి, పుస్తకాలు కూడా. వాళ్ళ దేశంనుంచి వచ్చిన పుస్తకాలే వాళ్ళు తగలబెట్టుకున్నారు. తేనెటీగలది మాత్రం ఒకడు దాచుకున్నాడు, వాళ్ళ నాన్నకి తేనెపట్లు ఉన్నాయట. మీ బావ ఉంటే వాళ్ళని అన్నదమ్ములనేవాడు. దూడని కోసుకు తిన్నారు.

ఒకడు వాకిట్లోకి వచ్చి, "మీరెవరు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. చెవిటిదాన్ననుకుని వెళ్ళిపోయాడు. ఈమధ్య ఎవరు ఏం అడిగినా నాకు మాట రావడం లేదు. యుస్తినాయే అన్నీ చెబుతుంది.

మేజోళ్ళు అలాగే ఉన్నాయి. మళ్ళీ మనవాళ్ళు వస్తే పంపవచ్చంటున్నారు. మనవాళ్ళు అంటే ఎవరో నన్నడక్కు.

తెక్లా


యావిర్కి, 1915 జూన్ 28

తమ్ముడికి,

మే నెలలో మా మీదుగా ఫిరంగులు పేలాయి. నాలుగు రోజులు బంగాళాదుంపల గోతిలో ఉన్నాం. పైకి వచ్చేసరికి సగం ఊరు లేదు. మన ఇల్లు ఉంది, కొట్టం లేదు. కాబట్టి ఆ కప్పు గొడవ తీరింది. రష్యన్లు పోయారు, ఆస్ట్రియా వాళ్ళు వచ్చారు.

మొన్న ఊరిపెద్ద ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. అచ్చు కాగితం, ఖాళీల్లో చేత్తో నింపారు. ఒనుఫ్రి చనిపోయాడు. ఫిబ్రవరి పదకొండున. మచ్చల జ్వరం. పేరు తప్పు రాశారు, ఆంద్రీ అని రాసి కొట్టేశారు. మనిషి ఆయనే. వయసు, ఊరు అన్నీ సరిపోయాయి.

నాలుగున్నర నెలలైంది. మార్చిలో నేను నీకు మేజోళ్ళ గురించి రాసినప్పటికే ఆయన లేడు.

యుస్తినా ఏడ్చింది. అది ఏడవడం చూసి యెఫ్కా ఏడ్చింది. నేను బంగాళాదుంపల పాదులకు మట్టి ఎగదోశాను, ఆరు సాళ్ళు. ఏడుపు వస్తుందేమోనని చూస్తున్నాను.

తెక్లా


ల్వివ్, 1915 జూలై 6

అక్కా,

యేసుకు మహిమ! చాలా రోజుల తరవాత ఈ మాట రాయాలనిపించింది.

వెళ్ళాను. రష్యన్లు ఇక్కణ్ణుంచీ పోయారు, మన పాత కచేరీ మళ్ళీ తెరిచారు. ఈసారి వరండాలో కూర్చోలేదు, కూర్చుంటే లేచి వచ్చేస్తానని భయం. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాను. రాసుకున్నారు, సంతకం పెట్టాను, శిలువ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. "యావిర్కి చదువుల గది బోర్డు మీది రెండో 'స' నేను వేసినది. ఒనుఫ్రికి అక్షరభేదం తెలియదు. అతడు ఒకే 'స'తో కోరగా నేను పొరపాటున రెండు వేసితిని. అతడు నిర్దోషి." బావకి అక్షరభేదం తెలియదని రాయించేటప్పుడు నవ్వొచ్చింది. వింటే నా పీక పిసికేవాడు. వచ్చాక పిసకనీ.

ఆ గుమాస్తా మంచివాడే. "ఇది చాలు, గ్రాట్జ్‌కి పంపుతాం, కోతల్లోపు ఇంటికి రావచ్చు" అన్నాడు. నన్ను మాత్రం గురువారం మళ్ళీ రమ్మన్నాడు.

కొడవలి పదును పెట్టించకు, బావ వచ్చి పెట్టుకుంటాడు. అక్కా, ఏడాదిలో ఇవాళే నేను మనిషినైనట్టు ఉంది.

నీ తమ్ముడు
ప్రోకిప్


కార్మికుల పటాలం, 1915 సెప్టెంబర్ 19

అక్కా,

ఈ ఉత్తరం చదివి ముద్ర వేసే దొరగారికి ముందుగా నమస్కారం.

నీ జూన్ ఉత్తరమూ నా జూలై ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది నాకు గురువారం ఉదయం అందింది, నన్ను రమ్మన్న రోజున. జేబులో పెట్టుకునే వెళ్ళాను. వాళ్ళకి చెప్పాను, ఆ మనిషి లేడట, ఇక ఆ కాగితం అక్కర్లేదని. కాగితం వెళ్ళిపోయిందన్నారు. నాకు ఈ పటాలం శిక్ష రెండో 'స' వేసినందుకు కాదట, ఏడాదిపాటు చెప్పనందుకట. అది న్యాయమే. అక్కడ కోపం ఏమీ లేదు నాకు.

రోడ్లు వేస్తున్నాం. రాళ్ళు కొట్టి పరచాలి. కుడిచేతి రెండు వేళ్ళు నలిగాయి, ఇక అక్షరాలు పేర్చలేను. ఒక విధంగా మంచిదే.

యుస్తినా నాకు సొంతంగా ఉత్తరం రాసింది, నీకు తెలుసో లేదో. దస్తూరి బావలాగే ఉంది. "మామయ్యా, నువ్వు ఆ బోర్డు ఎందుకు వేశావు?" అని ఒక్క వాక్యం. తప్పయిందమ్మా అని జవాబు రాశాను. పన్నెండేళ్ళ పిల్లకి అంతకన్నా ఏం రాయను. బావని నేను చంపాను అక్కా. తుపాకీ పట్టకుండా, ఆదివారం పూట, ప్రేమతో చంపాను. ఇక్కడ రాళ్ళు కొట్టినప్పుడల్లా అది కాస్త తీరుతున్నట్టుంటుంది.

ప్రోకిప్


యావిర్కి, 1915 అక్టోబర్ 17

ప్రోకిప్,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. పక్కూరి ఓరిన కొడుకు మీ పటాలంలోనే ఉన్నాడట, చూడడానికి వస్తోంది. ఆమె రవిక లోపల కుట్టి పంపుతున్నాను. ఆమెకి చదవడం రాదు.

మీ బావని తీసుకెళ్ళిన రోజు నేను వాకిట్లో బట్టలు ఉతుకుతున్నాను. ఆ సైనికుల్లో ఒకడు స్లోవాక్, మన మాట అర్థమవుతుంది. మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను. తాగి చెంబు వెనక్కిస్తూ, "మీరెవరమ్మా?" అన్నాడు. పోలిష్ వాళ్ళమా, యూదులమా అని అడుగుతున్నాడనుకున్నాను. "మేం రుస్కీలం నాయనా" అన్నాను. పుట్టినప్పటినుంచీ అనే మాటే కదా. మన అమ్మ అదే అంది, అమ్మమ్మ అదే అంది. మనం అంటే అదే. నోటితో అన్నదానికి ఒక 'స'నో రెండు 'స'లో ఎవరికి తెలుస్తుంది?

వాడి మొహం మారింది. వెనక్కి తిరిగి వాళ్ళ పెద్దకి ఏదో చెప్పాడు. "మగాళ్ళు ఉన్నారా?" అన్నాడు. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. మమ్మల్ని ఎవరో పరాయివాళ్ళనుకుంటున్నారు, సర్దిచెబుదామనుకున్నాను. "మా ఆయన ఉన్నాడు నాయనా, గౌరవమైన మనిషి, ఊరందరికీ రుస్కీ చదువు చెబుతాడు" అన్నాను. గొప్పగా అన్నాను. కొట్టం వైపు తిరిగి నేనే కేకేశాను, "ఇదిగో, కాస్త దిగి రా, వీళ్ళకి చెప్పు" అని. ఆయన సుత్తి నడుముకి దోపుకుని దిగాడు. నవ్వుతూ దిగాడు, చుట్టాలొచ్చారనుకుని.

బోర్డు వాళ్ళెవరూ చదవలేదు. వాళ్ళకి మన అక్షరాలు రావు. వెళ్ళేటప్పుడు ఒకడు అద్దం బాగుందని ఊడదీశాడు. కాగితం లాగి గడ్డిలో పడేశాడు. నేను తెచ్చి దులిపి పెట్టెలో పెట్టాను. ఇప్పటికీ ఉంది. నీ అక్షరాలకి ఒక్క మరక లేదు.

నువ్వు తప్పంతా నీదేనని రాసినప్పుడు, కాదురా అని రాయడానికి కూర్చున్నాను. కలం కదల్లేదు. నీదైతే నాది కాదు కదా అనిపించింది. ఒకసారి అలా అనుకున్నాక రోజూ అదే అనుకోవడం తేలికైంది. ఊళ్ళోవాళ్ళకీ బోర్డు వల్లనే అన్నాను. పిల్లలకీ అదే అన్నాను. నువ్వు కచేరీకి వెళ్తానంటే, వద్దు, లాభం లేదు అనలేదు. నువ్వు వెళ్ళావు. నీ వేళ్ళు పోయాయి.

మొన్న నీ ఉత్తరం వచ్చాక మొదటిసారి ఏడుపు వచ్చింది. ఆయన కోసమో, నీ వేళ్ళ కోసమో తెలియదు. చాలాసేపు ఏడ్చాను.

పిల్లలకి చెప్పేస్తాను. నీ మీద పడిన మాట తీసేస్తాను. ముందు నీకు చెప్పాలని ఆగాను. నన్ను ఏమన్నా అను.

తెక్లా


1915 నవంబర్ 1

అక్కా,

ఓరిన వదిన చేతికే ఇస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వస్తుందేమోనని కాసేపు రాళ్ళ మీద కూర్చుని చూశాను. రాలేదు. పనికి పిలిస్తే వెళ్ళాను.

నీళ్ళడిగినవాడికి నీళ్ళిచ్చావు. ఎవరని అడిగితే ఎవరో చెప్పావు. అందులో తప్పెక్కడుందో వెతికాను, ఇన్నేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి, నాకు కనబడలేదు.

ఫాదర్ తిరిగి వస్తే ఆయన దగ్గర చెప్పుకో. ఇంకెవరితోనూ అనకు. పిల్లలకి అసలే వద్దు. నేను శిలువ మీద చెయ్యి వేసి బోర్డు వల్లనే అన్నాను, వాళ్ళు రాసుకున్నారు, అలాగే ఉండనీ. యుస్తినా మళ్ళీ రాసింది. నా పేరు ఇక ప్రార్థనలో తలవదట. తలవకపోతే పోనీ, నేను దూరాన ఉన్నవాణ్ణి, ఏడాదికోసారి గుర్తొస్తే గొప్ప. మామయ్య మీద కోపంతో పిల్లలు పెరగగలరు, చాలామంది పెరిగారు. నీ చేతి రొట్టె మాత్రం వాళ్ళు రోజూ తినాలి.

ప్రోకిప్